టూపాక్ ఐదు ఆల్బమ్‌లు: కింది మెట్టు నుంచి పై మెట్టుకు

టూపాక్ షకూర్ బతికింది 25 ఏళ్లు. అందులో సొంతంగా ఆల్బమ్‌లు చేసింది ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో తన చేతుల మీదుగా ముగించినవి ఐదు. ఆఖరిది దుకాణాలకు వచ్చేసరికి అతను లేడు. 1996 సెప్టెంబరు 13న చనిపోయాడు. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటూ పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. అయినా హిప్ హాప్ వినేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే, ఆ ఐదింటిలో ఏది గొప్పది అన్న వాదన మళ్లీ మొదటికి వస్తుంది.

బెంగళూరులోనో, చెన్నైలోనో, బరంపురంలోనో, ముంబైలోనో తరాలుగా స్థిరపడిన మన ఇళ్లకూ ఈ ముఖం కొత్త కాదు. నుదుటి మీద ముడి పడేలా తలకు రుమాలు కట్టుకున్న కుర్రాడి బొమ్మ, కొడుకో కూతురో తొడుక్కున్న టీషర్టు మీద చూసే ఉంటారు. ఎవరితను, ఏం పాడాడు, ఎలా పోయాడు అని పెద్దలు అడుగుతారు. దేనితో మొదలుపెట్టి వినాలి అని పిల్లలు అడుగుతారు. ఐదు ఆల్బమ్‌లనూ కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా పేర్చుకుంటూ పోతే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

కొలబద్ద ఏమిటో ముందే చెప్పుకోవాలి. అమ్మకాలు కొలబద్ద కాదు. అమ్మకాలే లెక్కయితే రెండు నిమిషాల్లో తేలిపోయే పని ఇది. టూపాక్ గొంతులో కోపం ఎప్పుడూ ఉంటుంది. ఆ కోపాన్ని ఎవరి మీదికి తిప్పాడు, అందులో తన వంతు ఎంత ఒప్పుకున్నాడు అన్నది ఇక్కడ కొలత. అతను పోయాక మిగిలిన రికార్డింగులను ఇతరులు కూర్చి తెచ్చిన ఆల్బమ్‌లు ఈ లెక్కలోకి రావు. వాటికి ఆఖరి ఆమోదం చెప్పడానికి అతను లేడు గదా. 1994లో బృందంతో కలిసి చేసిన థగ్ లైఫ్ ఆల్బమ్‌నూ పక్కన పెడుతున్నాం.

పేరు వెనక కథ

టూపాక్ తల్లి అఫెనీ షకూర్. నార్త్ కరోలినాలో పుట్టి, న్యూయార్క్ చేరి, నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీలో చేరింది. బాంబు పేలుళ్లకు కుట్ర పన్నారంటూ న్యూయార్క్‌లో 21 మంది పాంథర్ల మీద పెట్టిన కేసులో ఆమె ఒక నిందితురాలు. చదివింది లాయరు చదువు కాదు. అయినా తన కేసు తానే వాదించుకుంది. గర్భంతో ఉండి జైల్లో గడిపింది. 1971 మేలో జ్యూరీ నిర్దోషులని తేల్చింది. నెల తిరగ్గానే, జూన్ 16న, ఈస్ట్ హార్లెంలో కొడుకు పుట్టాడు.

మొదట పెట్టిన పేరు వేరు. ఏడాది తర్వాత తల్లి దాన్ని టూపాక్ అమారు షకూర్ అని మార్చింది. 18వ శతాబ్దంలో పెరూలో స్పెయిన్ పాలన మీద తిరగబడి, 1781లో మరణశిక్షకు గురైన మూలవాసుల నాయకుడి పేరది. పొట్ట చేతపట్టుకుని ఊళ్లు దాటిన మన తాతముత్తాతలు ఇంటిపేర్లలో సొంత ఊళ్లను మోసుకుపోయారు. ఈ తల్లి మోయడానికి ఊరు లేక ఒక తిరుగుబాటును బిడ్డ పేరులో కట్టి ఇచ్చింది. ఆ పేరు బరువు అతను చివరిదాకా మోశాడు.

కన్నతండ్రి దగ్గర లేడు. పెంచిన తండ్రి ముటులు షకూర్ దోపిడీ కేసులో ఏళ్ల తరబడి పోలీసులకు దొరక్కుండా తిరిగి, 1986లో పట్టుబడ్డాడు. ఇల్లు గడవడమే కష్టం. అద్దె ఇళ్లు, అనాథాశ్రయాలు, మళ్లీ అద్దె ఇళ్లు. అయితే కళ మాత్రం వెంట వచ్చింది. పన్నెండు పదమూడేళ్ల వయసులో హార్లెంలోని అపోలో థియేటర్లో నాటకం ఆడాడు. కుటుంబం బాల్టిమోర్ చేరాక అక్కడి కళల పాఠశాలలో నటన, కవిత్వం, బ్యాలే నేర్చుకున్నాడు. తర్వాత హాలీవుడ్ నటి అయిన జేడా పింకెట్ అక్కడ అతనికి ఆప్తమిత్రురాలు.

1988లో కాలిఫోర్నియాలోని మారిన్ సిటీకి మకాం మారింది. తల్లి క్రాక్ అనే మత్తుకు బానిసైంది. కోర్టులో ఒంటరిగా నిలబడి గెలిచిన మనిషి కళ్లముందే కరిగిపోవడం పదిహేడేళ్ల కొడుకు చూశాడు. చదువు మధ్యలో ఆగిపోయింది. కవిత్వ తరగతుల్లో పరిచయమైన లీలా స్టైన్‌బర్గ్ దారి చూపింది. ఓక్లాండ్‌కు చెందిన డిజిటల్ అండర్‌గ్రౌండ్ బృందంలో సామాన్లు మోసే పనితో, వేదిక మీద డ్యాన్సుతో మొదలై, 1991లో వాళ్ల పాటలో ఒక చరణం అందుకున్నాడు.

ఐదో స్థానం: టూపకలిప్స్ నౌ, 1991

తొలి ఆల్బమ్ నవంబరు 12న వచ్చింది. అమ్మకాల పట్టికలో 64వ స్థానం దాటలేదు. పోలీసుల దౌర్జన్యం, జైళ్లు, పేదరికం, నల్లజాతి యువకుడి ఊపిరాడనితనం ఇందులోని విషయాలు. ఇది కేవలం ఊహ కాదు. ఆల్బమ్ రావడానికి నెల ముందే, రోడ్డు అడ్డంగా దాటాడన్న కారణంతో ఓక్లాండ్ పోలీసులు ఆపి కొట్టారని అతను కోటి డాలర్ల దావా వేశాడు. చివరికి అందులో చాలా చిన్న మొత్తానికి రాజీ కుదిరింది.

ఈ ఆల్బమ్‌కు కిరీటం బ్రెండాస్ గాట్ ఎ బేబీ. పన్నెండేళ్ల పిల్ల తల్లి కావడం, దిక్కులేక బిడ్డను చెత్తకుండీ పాలు చేయబోవడం, వీధిన పడి ప్రాణం పోగొట్టుకోవడం. పేపర్లో చదివిన వార్త నుంచి పుట్టిన పాట. బుర్రకథ విన్న చెవికి ఇది వెంటనే అందుతుంది. కథ చెప్పేవాడు పక్కకు తప్పుకోడు, వినేవాళ్లను తప్పుకోనివ్వడు. ఇరవై ఏళ్ల కుర్రాడు ఇది రాశాడంటే ఆశ్చర్యం కలుగుతుంది.

మరి అట్టడుగున ఎందుకు? సంగీతం పలచన. పాటకూ పాటకూ పొత్తు తక్కువ. కోపం నిజమైనదే కానీ అంతా బయటివాళ్ల మీదే. 1992లో టెక్సాస్‌లో ఒక పోలీసును చంపిన యువకుడి తరఫువాళ్లు ఈ ఆల్బమ్ ప్రభావం ఉందన్నారు. అప్పటి ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఈ ఆల్బమ్‌కు సమాజంలో చోటు లేదని మండిపడ్డాడు. పాట ఎంత దూరం పోతుందో, ఎవరి చేతిలో పడుతుందో టూపాక్‌కు తెలిసింది అప్పుడే.

నాలుగో స్థానం: రెండో ఆల్బమ్, 1993

దీని పేరు స్ట్రిక్ట్‌లీ ఫర్ మై అని మొదలై, నల్లజాతివారిని కించపరిచే ఒక తిట్టుతో ముగుస్తుంది. ఆ తిట్టును టూపాక్ పొడి అక్షరాలుగా విడగొట్టి, అజ్ఞానంలో పడి ఉండక లక్ష్యం సాధించేవాళ్లు అన్న అర్థం వచ్చేలా విస్తరించుకున్నాడు. ఎదుటివాడు విసిరిన రాయిని పట్టుకుని మెట్టు కట్టుకోవడమన్నమాట.

అప్పటికి అతను సినిమా నటుడు కూడా. 1992లో వచ్చిన జ్యూస్‌లో బిషప్ అనే కరుడుగట్టిన కుర్రాడి పాత్ర పేరు తెచ్చింది. 1993లో జానెట్ జాక్సన్ సరసన పొయెటిక్ జస్టిస్‌లో నటించాడు. ఆల్బమ్ 24వ స్థానం దాకా ఎక్కింది. ఐ గెట్ అరౌండ్ అనే సరదా పాట రేడియోలో మోగిపోయింది.

ఈ ఆల్బమ్‌ను తొలిదానికంటే ఒక మెట్టు పైన నిలబెట్టేది కీప్ య హెడ్ అప్. 1991లో లాస్ ఏంజిలెస్‌లోని ఒక దుకాణంలో, నారింజ రసం సీసా దగ్గర మొదలైన గొడవలో తుపాకీ గుండుకు బలైన 15 ఏళ్ల లతాషా హార్లిన్స్‌కు టూపాక్ దాన్ని అంకితమిచ్చాడు. భర్త తోడు లేకుండా పిల్లల్ని సాకే ఆడవాళ్లకు ధైర్యం చెబుతూ, మగవాళ్లను నిలదీసే పాట. తల్లిని చూసి పెరిగిన కొడుకు మాత్రమే రాయగలిగింది.

చిక్కేమిటంటే అదే ఆల్బమ్‌లో, అదే గొంతు, ఆడవాళ్లను ఆటవస్తువులుగా లెక్కగడుతుంది. రెండు పాటల మధ్య ఉన్న ఈ గొయ్యి టూపాక్ గమనించినట్టు కనపడదు. వినేవాళ్లు గమనించక తప్పదు. ఎందుకంటే 1993 నవంబరులో న్యూయార్క్ హోటల్ గదిలో జరిగిన ఘటన మీద ఒక యువతి ఫిర్యాదు చేసింది. ఏడాది తర్వాత కోర్టు లైంగిక దాడి నేరం కింద అతన్ని దోషిగా తేల్చింది. మిగతా అభియోగాలు వీగిపోయాయి. తాను తప్పు చేయలేదని అతను వాదించాడు. తీర్పు తీర్పుగానే ఉంది. టూపాక్‌ను మెచ్చుకునేవాళ్లు ఈ అధ్యాయాన్ని మడిచి దాచేస్తే, మెచ్చుకోలుకు విలువ ఉండదు.

మూడో స్థానం: ఆల్ ఐజ్ ఆన్ మీ, 1996

వరస ప్రకారం ఇక్కడ 1995 ఆల్బమ్ రావాలి. దాన్ని చివరికి అట్టే పెడుతున్నాం. అతను జైల్లో ఉండగా వచ్చిన ఆ ఆల్బమ్ తర్వాత ఏం జరిగిందో ముందు చూద్దాం.

1995 అక్టోబరులో, అప్పీలు తేలేదాకా 14 లక్షల డాలర్ల బెయిలు మీద టూపాక్ బయటికొచ్చాడు. ఆ డబ్బు ఏర్పాటు వెనక ఉన్నది డెత్ రో రికార్డ్స్ అధిపతి సుజ్ నైట్. బదులుగా మూడు ఆల్బమ్‌ల ఒప్పందం. జైలు గేటు దాటిన వెంటనే స్టూడియోలోకి నడిచాడు. 1996 ఫిబ్రవరి 13న 27 పాటలతో, రెండు డిస్కులతో ఆల్ ఐజ్ ఆన్ మీ వచ్చింది. మొదటి వారంలోనే 5,66,000 ప్రతులు అమ్ముడయ్యాయి. 2014లో అమెరికా రికార్డింగ్ సంస్థల సంఘం డైమండ్ గుర్తింపు ఇచ్చింది. డాక్టర్ డ్రేతో చేసిన కాలిఫోర్నియా లవ్ తెలియని హిప్ హాప్ శ్రోత ఉండడు. స్నూప్ డాగ్‌తో కలిసి చేసిన పాట నేటికీ వేడుకల్లో మోగుతుంది.

చాలామంది పట్టికల్లో దీనిదే మొదటి స్థానం. సంగీతం పరంగా చూస్తే వాదించడం కష్టం. అంత నిండుదనం, అంత ఊపు మిగతా నాలుగింటిలో లేవు. లైఫ్ గోస్ ఆన్‌లో పోయిన మిత్రుల్ని తలుచుకున్న తీరు, ఐ ఏంట్ మ్యాడ్ అట్ చాలో దారి మార్చుకున్న స్నేహితుడిని నిందించకుండా సాగనంపిన తీరు చూస్తే గుండె పట్టేస్తుంది.

కానీ 27 పాటల్లో అలాంటివి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలిందంతా పెళ్లి ఊరేగింపు. వచ్చినవాళ్లంతా మైకు అందుకుంటారు, పెళ్లికొడుకు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. జైలు నుంచి వచ్చినవాడు గెలిచానని చాటుకోవడం సహజమే. ఆ చాటింపులో తనను తాను ప్రశ్నించుకునే గొంతు తగ్గింది. అదే ఏడాది జూన్‌లో హిట్ ఎమ్ అప్ అనే విడి పాటలో, ఒకప్పటి మిత్రుడు నటోరియస్ బిగ్ మీద నోటికొచ్చినట్టు విరుచుకుపడ్డాడు. తూర్పు తీరం, పడమటి తీరం అంటూ పత్రికలు, కంపెనీలు ఆ తగాదాను పెంచి పోషించాయి. ఆల్బమ్‌లు అమ్ముడయ్యాయి. ఖరీదు మాత్రం ఇద్దరు కుర్రాళ్లు చెల్లించారు.

రెండో స్థానం: ద సెవెన్ డే థియరీ, 1996

జైల్లో చదివిన మాకియవెల్లీ పేరును కొద్దిగా మార్చి, మకవెలి అనే కొత్త పేరుతో టూపాక్ ఈ ఆల్బమ్ చేశాడు. ఆగస్టులో, ఏడు రోజుల్లో పని ముగిసింది. నిర్మాతల్లో పెద్ద పేర్లు లేవు. ఊరేగింపు జనం వెళ్లిపోయాక ఖాళీ పందిట్లో ఒక్కడే కూర్చున్నట్టుంటుంది ఈ ఆల్బమ్. హెయిల్ మేరీలో గంట మోగుతుంటే వినిపించే గొంతులో తొందర లేదు, చావు పట్ల వింకొంత అలవాటు ఉంది. వైట్ మ్యాన్స్ వరల్డ్‌లో అమ్మకు, చెల్లెలికి క్షమాపణ ఉంది. అట్ట మీద అతన్ని సిలువ వేసిన బొమ్మ.

సెప్టెంబరు 7న లాస్ వేగస్‌లో మైక్ టైసన్ బాక్సింగ్ పోటీ చూసి బయటికి వస్తూ, హోటల్ లాబీలో ఒక యువకుడి మీద టూపాక్ బృందం చెయ్యి చేసుకుంది. ఆ రాత్రే, సుజ్ నైట్ నడుపుతున్న కారు సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా పక్కనొచ్చిన కారులోంచి కాల్పులు జరిగాయి. ఆరు రోజులు ఆసుపత్రిలో పోరాడి టూపాక్ కన్ను మూశాడు. ఆరు నెలలు తిరక్కుండానే, 1997 మార్చి 9న, లాస్ ఏంజిలెస్‌లో నటోరియస్ బిగ్‌నూ అలాగే కాల్చి చంపారు. టూపాక్ హత్య కేసులో తొలి అరెస్టు జరగడానికి 27 ఏళ్లు పట్టింది. 2023 సెప్టెంబరులో వేగస్ పోలీసులు ఒకరిని అదుపులోకి తీసుకున్నారు.

ఆల్బమ్ నవంబరు 5న వచ్చింది. మొదటి వారం అమ్మకాలు 6,64,000. అంటే ఆల్ ఐజ్ ఆన్ మీని కూడా దాటేసింది. ఏడు రోజులు అన్న పేరు, సిలువ బొమ్మ, మారుపేరు కలిపి చూసుకుని, అతను చావలేదు, తిరిగొస్తాడు అని నమ్మినవాళ్లు వేలకొద్దీ ఉన్నారు. ప్రియమైనవాళ్లు పోయినప్పుడు మనుషులు ఎక్కడైనా ఇలాగే లెక్కలు కట్టుకుంటారు.

మొదటి స్థానానికి దీనికి అడ్డొచ్చింది ఒక్కటే. మొదటి పాట శత్రువుల పేర్లతో మొదలవుతుంది, ఆఖరి పాట శత్రువుల పేర్లతో ముగుస్తుంది. మధ్యలో ఉన్న మనిషి ఎంత గొప్పవాడైనా, రెండు వైపులా గోడలు కట్టుకుని కూర్చున్నాడు.

మొదటి స్థానం: మీ అగెనెస్ట్ ద వరల్డ్, 1995

ఇప్పుడు రెండేళ్లు వెనక్కి వెళ్దాం. 1994. లైంగిక దాడి కేసు విచారణ నడుస్తోంది. లాయర్ల ఫీజులకు డబ్బు చాలడం లేదు. నవంబరు 30 రాత్రి న్యూయార్క్‌లోని క్వాడ్ స్టూడియో లాబీలో దోపిడీకి దిగిన మనుషులు అతన్ని ఐదు సార్లు కాల్చారు. మర్నాడు కట్లతో, చక్రాల కుర్చీలో కోర్టుకు వచ్చి తీర్పు విన్నాడు. 1995 ఫిబ్రవరిలో ఏడాదిన్నర నుంచి నాలుగున్నరేళ్ల శిక్ష పడింది. మార్చి 14న ఆల్బమ్ వచ్చేసరికి క్లింటన్ జైల్లో ఉన్నాడు. ఆల్బమ్ నేరుగా మొదటి స్థానానికి వెళ్లి నాలుగు వారాలు అక్కడే నిలిచింది. జైల్లో ఉండగా అమెరికాలో నంబర్ వన్ ఆల్బమ్ సాధించిన మొదటి కళాకారుడు అతనే.

పాటలు చాలావరకు కాల్పులకు ముందే రికార్డు అయ్యాయి. అయినా వింటే అన్నీ ముందే తెలిసినవాడు పాడినట్టుంటాయి. ఇఫ్ ఐ డై టునైట్, డెత్ అరౌండ్ ద కార్నర్, సో మెనీ టియర్స్. పేర్లే చెబుతున్నాయి విషయమేమిటో. ఇక్కడ కోపం లోపలికి తిరిగింది. నిద్ర పట్టనివాడి భయం ఉంది. తాగుడు ఉంది. తాను పోతే స్వర్గం తనలాంటివాడిని రానిస్తుందా అన్న అనుమానం ఉంది. పేరులో లోకంతో యుద్ధం కనిపిస్తున్నా, పాటల్లో జరిగేది తనతో తనకు జరిగే తగువు. ఓల్డ్ స్కూల్ అనే పాటలో తనకంటే ముందు న్యూయార్క్ వీధుల్లో ఈ కళను నిలబెట్టినవాళ్లకు దణ్ణం పెట్టాడు. తర్వాతి రెండు ఆల్బమ్‌ల కాలంలో అదే న్యూయార్క్ మీద అతను చూపిన ద్వేషంతో పోల్చి చూస్తే, ఎక్కడి నుంచి ఎక్కడికి జారాడో అర్థమవుతుంది.

ఇక డియర్ మామా. తల్లిని పొగిడే పాటలు అన్ని భాషల్లోనూ ఉన్నాయి. వాటిలో తల్లి దేవత. ఈ పాటలో తల్లి మనిషి. మత్తుకు బానిసైన సంగతి దాచలేదు. కొడుకును ఇంట్లోంచి పంపేసిన సంగతి దాచలేదు. తాను మత్తుమందు అమ్మి ఇంటి అద్దెకు ఇచ్చిన సంగతీ దాచలేదు. ఇవన్నీ చెప్పాకే, ఒంటరిగా పిల్లల్ని పెంచిన నీ రుణం తీర్చలేనని అంటాడు. నిజం చెప్పిన తర్వాత వచ్చిన ప్రేమ కనుక దానికంత బలం. అప్పటికే అఫెనీ మత్తు వదిలించుకుని నిలదొక్కుకుంది. 2010లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ పాటను భద్రపరచాల్సిన జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

అందుకే ఇది మొదటిది. కీప్ య హెడ్ అప్‌కూ, కోర్టు తీర్పుకూ మధ్య ఉన్న గొయ్యిని ఈ ఆల్బమ్ పూడ్చదు. ఆ గొయ్యి అంచున నిలబడి కిందికి చూసిన టూపాక్ మాత్రం ఇందులోనే ఉన్నాడు.

తల్లి చేతిలో మిగిలింది

కొడుకు పోయాక 1997లో అఫెనీ అమారు ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంస్థను స్థాపించి, అతని రికార్డింగుల హక్కుల కోసం మళ్లీ కోర్టు గుమ్మాలు ఎక్కింది. పంతొమ్మిదేళ్ల ప్రాయంలో అతను రాసుకున్న కవితలు 1999లో పుస్తకంగా వచ్చాయి. ఆమె 2016 మేలో కన్నుమూసింది. మరో పదకొండు నెలలకు టూపాక్‌ను రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2023లో, ఒకప్పుడు పోలీసులు ఆపి కొట్టారని అతను దావా వేసిన ఓక్లాండ్ నగరమే ఒక వీధికి అతని పేరు పెట్టింది.

కొత్తగా వినేవాళ్లకు ఒక మాట. వీటిలో ఏదీ ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు స్పీకర్లో పెట్టే ఆల్బమ్ కాదు. బూతులున్నాయి, తుపాకులున్నాయి. పెద్దపిల్లలతో కలిసి వినదలిస్తే డియర్ మామా, కీప్ య హెడ్ అప్, బ్రెండాస్ గాట్ ఎ బేబీ ముందు వినండి. తర్వాత 1995 ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా. మా వరస మీకు నచ్చకపోవచ్చు. ఆల్ ఐజ్ ఆన్ మీని మూడో మెట్టు మీద కూర్చోబెట్టినందుకు మీ ఇంట్లోనే ఎవరో ఒకరు మాతో తగువుకు వస్తారు. ఆ తగువులో ఏ పాటను సాక్ష్యంగా తెస్తారో వినాలని మాకూ ఉంది.